మంద తెలిసిన గుర్రం

విరాటరాజు కొలువులో పాండవులు పనులు పంచుకున్న తీరు మనవాళ్ళందరికీ తెలిసిందే. నకులుడు దామగ్రంథి అనే పేరుతో గుర్రపుశాలకు పోయాడు. సహదేవుడు తంత్రీపాలుడై ఆలమందల దగ్గర చేరాడు. ఒక్క తల్లి కన్న కవలలే. అయినా ఒకడిది గుర్రాల విద్య, ఇంకొకడిది ఆవుల విద్య. రెండూ వేరువేరు శాస్త్రాలని మన పెద్దల లెక్క. మన పల్లెల్లో కూడా ఆ లెక్కే నడిచింది. ఎడ్లు రైతువి. గుర్రం జట్కావాడిది, లేకపోతే జమీందారుది, అదీ కాకపోతే పెళ్ళికొడుకు ఊరేగింపుకని అద్దెకు తెచ్చింది. పశువుల కాపరి మాత్రం ఎప్పుడూ కాలినడకనే పోయాడు. చేతికర్రే అతని వాహనం.

ఆ రెండు విద్యలూ ఒక్క జంతువులో కలిసిన చోటు ఒకటి వుంది. అక్కడ గుర్రానికి ఆవు మనస్సు తెలుసు. ఆవు ఎటు తిరగబోతుందో దానికంటే ముందు గుర్రమే పసిగడుతుంది. ఆ చోటు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు దక్షిణపు కొస. మా అమ్మాయి హ్యూస్టన్‌లో కాపరం వుంటున్నది కనుక నాకు ఆ సీమ చూసే యోగం పట్టింది. అక్కడ ఎత్తైన భవనాలు చూసి వచ్చినవాళ్ళు మన వూళ్ళో చాలామందే వున్నారు. నేను గుర్రాన్ని చూసి వచ్చాను.

హ్యూస్టన్ నుంచి కారులో నాలుగు గంటలు దక్షిణంగా పోతే కింగ్స్‌విల్ అనే పట్నం వస్తుంది. దాన్ని ఆనుకునే కింగ్ రాంచి. రిచర్డ్ కింగ్ అనే స్టీమరు కెప్టెను 1853లో సాంతా గెర్త్రూదిస్ అనే వాగు పక్కన 15,500 ఎకరాల భూమిని ఒక మెక్సికన్ కుటుంబం వారసుల దగ్గర 300 డాలర్లకు కొన్నాడు. ఎకరానికి రెండు సెంట్లయినా పడలేదన్నమాట! ఇవాళ ఆ కమతం 8,25,000 ఎకరాలు. తరాలు మారినా అది ఆ కెప్టెను సంతతి చేతిలోనే వుంది. వ్యవసాయ కుటుంబం అంటే మనకు తోచే బొమ్మ వేరు. ఐదెకరాల మాగాణి, ఒక జత ఎడ్లు, పాడిగేదె. కాని తండ్రి నేర్చిన చూపు కొడుక్కు, మామ నేర్చిన చూపు అల్లుడికి చేరడంలో మాత్రం పెద్ద కమతానికీ చిన్న కమతానికీ తేడా లేదు.

ఆ నేలంతా ముళ్ళతుప్పలు. మెస్కీట్ అంటారు వాళ్ళు. చూడగానే గుర్తుపట్టాను, మన సర్కారు తుమ్మకు అది దగ్గరి చుట్టం. ఆ తుమ్మల్లో, ఆ ఎండలో, పిడుదుల బాధలో ఇంగ్లండు నుంచి వచ్చిన షార్ట్‌హారన్ పశువులు తట్టుకోలేకపోయాయి. అప్పుడు వాళ్ళు బ్రాహ్మన్ అనే మూపురపు పశువులతో వాటిని కలిపారు. 1920లో పుట్టిన ఒక ఎర్రకోడె ఆ కలయికకు మూలపురుషుడైంది. దాని పేరు మంకీ, అంటే కోతి! దాని సంతతే సాంతా గెర్త్రూదిస్ జాతి అయింది. 1940లో దానికి ప్రత్యేక జాతిగా గుర్తింపు వచ్చింది. అందులో ఎనిమిదింట మూడు వంతులు బ్రాహ్మన్ రక్తం.

ఇక ఆ బ్రాహ్మన్ ఎక్కడిదంటారా? మన దేశానిదే. గిర్, గుజరాత్, కృష్ణా వ్యాలీ పశువులతో పాటు నెల్లూరు పశువులు కూడా దాని పూర్వీకుల్లో వున్నాయి. 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే వుండేది. అంచేత మన ఒంగోలు గిత్తకు పరదేశంలో నెల్లూరనే పేరే స్థిరపడిపోయింది. టెక్సాస్ తుమ్మల నీడన గంగడోలు వేలాడేసుకుని నిలబడ్డ ఎర్రావును చూసినప్పుడు, రైలు స్టేషనులో మన వూరివాళ్ళు తటస్థపడ్డట్టు అనిపించింది నాకు.

మన రక్తం వున్న పశువు ఎట్లా వుంటుందో మనకు తెలుసు. చురుకు, అనుమానం, పట్టుదల. తుప్పల్లోంచి దాన్ని తోలుకురావడం కాలినడకన అయ్యే పని కాదు. అందుకు కావలసిన గుర్రం కోసం వాళ్ళు వెతికారు. జూలు ఎగరేసుకుంటూ పోయే పందెపు గుర్రం పనికిరాదు. బండి లాగే మోటు గుర్రం అసలే పనికిరాదు. పొద్దున మందను తోలాలి. మధ్యాహ్నం తాడు వేసి పట్టిన దూడను కదలకుండా బిగబట్టి నిలబడాలి. సాయంకాలం యజమాని ఇంటి పసివాణ్ణి ఎక్కించుకుని వాకిట్లో నిదానంగా తిప్పాలి. ఇన్ని పనులకూ ఒక్కటే గుర్రం!

అటువంటి గుర్రానికి క్వార్టర్ హార్స్ అని పేరు. పావు మైలు పరుగులో దానికి ఎదురులేదు, అందుకే ఆ పేరు. వర్జీనియాలో తెల్లవాళ్ళు కొత్తగా స్థిరపడ్డ రోజుల్లోనే ఈ పొట్టి పందేల అలవాటు పుట్టింది. పొట్టి తల, వెడల్పు రొమ్ము, వెనక తొడలు మన గిత్తల తొడల్లాగా నిండుగా వుంటాయి. ఆ తొడల్లోనే వుంది దాని విద్యంతా.

హ్యూస్టన్‌లో ఏటా మార్చి నెలలో పశువుల సంబరం జరుగుతుంది. అక్కడ కటింగ్ అనే పోటీ చూశాను. రౌతు మందలోకి మెల్లగా గుర్రాన్ని నడిపి ఒక దూడను విడదీస్తాడు. విడదీశాక కళ్ళెం పట్టిన చెయ్యి గుర్రం మెడమీదికి దించేస్తాడు. ఇక అతను చేసేదేమీ లేదు, పడిపోకుండా కూర్చోవడం తప్ప. దూడకు తిరిగి మందలో కలవాలని ఆత్రం. గుర్రం దాని ముందు ముంగాళ్ళు వంచి, పిల్లి ఎలుకను కాచినట్టు కాచుకుంటుంది. దూడ కుడికి దూకితే గుర్రం కుడికి, ఎడమకు మళ్ళితే ఎడమకు. ఆడే గడువు రెండున్నర నిమిషాలు. ఆ రెండున్నర నిమిషాలూ నేను చంటిపిల్లాడిలా నోరు తెరుచుకుని చూశాను. ఈ బుద్ధి గుర్రానికి ఎవరు చెప్పారు? నేర్పడం కొంత నిజమే. కాని నేర్పినంత మాత్రాన అన్ని గుర్రాలకీ రాదట. పుట్టుకలో వుండాలట.

ఆ పుట్టుకను వాళ్ళు ఎట్లా నిలబెట్టారన్నదే అసలు కథ.

1915లో జార్జి క్లెగ్ అనే ఆయన దగ్గర ఒక ఎర్ర మగపిల్ల పుట్టింది. కింగ్ రాంచి వాళ్ళు దాన్ని కొన్నారు. తర్వాత దానికి ఓల్డ్ సోరెల్ అనే పేరు స్థిరపడింది. మన వూళ్ళో అయితే 'ఎర్రన్న' అని వుందుము. కెప్టెను కూతురి కొడుకు రాబర్ట్ క్లేబర్గ్ దానిమీద ఎక్కి మందలో పనిచేశాడు. తాను ఎక్కిన పశువుల గుర్రాల్లో ఇంతటిది లేదని నమ్మాడు. నమ్మకం కుదిరాకనే ఏరిన ఆడగుర్రాలతో దాన్ని కలిపాడు. పుట్టిన పిల్లలను కూడా పనిలో పెట్టాడు. జీను వేసి, ఎండలో నడిపి, మందలో తిప్పి, ఏది అలసిపోతుందో, ఏది విసుక్కుంటుందో, దేనికి ఆవు సంగతి తెలుసో చూసి, నెగ్గినవాటినే సంతానానికి వుంచుకున్నాడు. అందంగా వుందని ఏ గుర్రాన్నీ వుంచలేదు.

తర్వాత ఆయన చేసింది చెబితే మన ఇళ్ళల్లో ముసలమ్మలు ముక్కున వేలేసుకుంటారు. ఎర్రన్న రక్తం పలచబడకుండా వుండాలని, దాని కొడుకును దాని కూతుళ్ళతోనే కలిపాడు. మన మేనరికాలు దీని ముందు ఏపాటి! సోలిస్ అనే కొడుకు, పాండా అనే కూతురు. ఈ రెంటికీ 1937లో వింపీ పుట్టింది. అంటే వింపీకి తండ్రి తండ్రీ, తల్లి తండ్రీ ఒక్క ఎర్రన్నే. ఇట్లా చేస్తే లోపలి గుణం ఎంత గట్టిపడుతుందో, లోపలి దోషం కూడా అంత బయటపడుతుంది. పనిలో పెట్టి ప్రతి తరాన్నీ జల్లెడ పట్టేవాడే ఈ సాహసం చెయ్యగలడు. ఇంట్లో కట్టేసి పూజించేవాడు చేస్తే ఆ జాతి అక్కడితో సరి.

1940లో ఈ గుర్రాల సంఘం ఫోర్ట్‌వర్త్‌లో ఏర్పడింది. వంశావళి పుస్తకంలో మొదటి నెంబరు ఎవరికివ్వాలి? పేరుగలవాళ్ళ గుర్రాలు చాలా వున్నాయి. చివరికి 1941లో ఫోర్ట్‌వర్త్ ప్రదర్శనలో నెగ్గిన మగగుర్రానికి ఇద్దామనుకున్నారు. వింపీ నెగ్గింది. ఆ రోజు అది ఏ ఆవునూ తోలలేదు, న్యాయనిర్ణేత ముందు వూరికే నిలబడింది. కాని ఆ నిలబడ్డ తీరు వెనక తాత నాటినుంచి తుమ్మల్లో పడ్డ కష్టం వుంది. పని మలచిన ఒళ్ళు అందంగా కనబడకుండా పోతుందా?

ఇంతవరకూ యజమానుల మాటే చెప్పాను. గుర్రం ఎవరి చేతుల్లో పెరిగింది అన్న మాట చెప్పకపోతే సగమే చెప్పినట్టు. 1854లో మెక్సికోలో క్రూయాస్ అనే వూరు కరువుతో అల్లాడుతుంటే, కెప్టెను అక్కడి పశువులు కొని, ఆ వూరి జనాన్ని కూడా తనతో తీసుకొచ్చాడని అక్కడ చెప్పుకుంటారు. వాళ్ళను కినేన్యోలు అన్నారు, అంటే కింగ్ మనుషులని. పిల్లగుర్రాన్ని మచ్చిక చేసింది వాళ్ళు, జీను అలవాటు చేసింది వాళ్ళు, ఏ గుర్రానికి ఎంత బుద్ధి వుందో ముందుగా తెలిసిందీ వాళ్ళకే. తాత నుంచి మనవడి దాకా అదే పని. పుస్తకంలో గుర్రం పేరుంది, యజమాని పేరుంది. మన సేద్యాల్లోనూ ఇంతే కదా! గిత్తకు బహుమతి వస్తే ఫోటోలో ఆసామి నిలబడతాడు. దానికి తవుడు కలిపి పెట్టిన పాలేరు ఫోటో తీసేవాడి వెనక నిలబడతాడు. ఆ కినేన్యోల్లో ఒక మేస్త్రీ కొడుకు లారో కవాసోస్ ఆ రాంచిలోనే పుట్టి, చదువుకుని, 1988లో అమెరికా విద్యాశాఖ కార్యదర్శి అయ్యాడు. అది విన్నప్పుడు నాకు ఎర్రన్న కథకన్న ఎక్కువ సంతోషం కలిగింది.

కాలం అక్కడా ఆగలేదు. ఇవాళ తుప్పల్లోంచి మందను బయటికి తోలడానికి హెలికాప్టర్లు కూడా వచ్చాయి. మరి గుర్రం ఏమైంది? పోలేదు. దొడ్డి దగ్గర విడదీసే పని గుర్రానిదే. పైగా ఆ పనినే పోటీగా మార్చారు. 1970ల్లో ఆ రాంచివాళ్ళు ఇంటి రక్తమే గొప్పదని భీష్మించుకుని కూర్చోకుండా, కటింగ్‌లో నెగ్గిన బయటి గుర్రాలను తెచ్చుకున్నారు. వాటిలో పెప్పీ శాన్ బాడ్జర్ అనేది 1977లో మూడేళ్ళ గుర్రాల పెద్దపోటీ గెలిచింది. దాన్ని ఎర్రన్న సంతతి ఆడగుర్రాలతో కలిపారు. ఇంటి ఆడపడుచులు ఇంట్లోనే వున్నారు, అల్లుడు బయటినుంచి వచ్చాడు.

ఇదంతా చూసి వచ్చినప్పటినుంచి నా మనస్సు మన ఒంగోలు గిత్త చుట్టూనే తిరుగుతున్నది. మనకు మాత్రం పద్ధతి లేకపోయిందా? పెద్దలు పోయినప్పుడు వారి పేరున మంచి కోడెదూడను ఏరి, ముద్ర వేసి, దేవుడి పేర వూరి మీద వదిలేవారు. అది వూరందరి ఆవులకూ దక్కేది. 'అచ్చోసిన ఆంబోతు' అనే మాట ఇవాళ తిట్టయిపోయింది గాని, అది మన వంశావళి పుస్తకం! మా తాతగారు కోడెను కొనేటప్పుడు సుడులు చూసేవారు, గిట్టలు చూసేవారు, చివరికి కాడికి కట్టి నాలుగు చాళ్ళు దున్నించి చూసేవారు. సుడి బేరానికి, చాలు కొనడానికి అనేవారు.

ఆ చాలు ఇప్పుడు ట్రాక్టరుది. మన వూళ్ళల్లో సంక్రాంతికి బండలాగుడు పోటీలు వున్నాయి కాబట్టి గిత్త బలం ఇంకా కనబడుతున్నది. గుంటూరు దగ్గర లాంలో ప్రభుత్వపు క్షేత్రం ఆ జాతిని కాపాడుతున్నది. మన కరవది వూరి పేరుతో 1960ల మొదట్లో బ్రెజిల్ వెళ్ళిన గిత్త సంతతి అక్కడ పెద్ద వంశమైంది. ఆ దేశంలో దానికి మాంసం రూపంలో పని దొరికింది. మన ఇంట్లో మనం ఏ పని ఇస్తున్నాం? పోస్టరుమీద బొమ్మగా నిలబడమంటున్నాం. 'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అని సామెత. పనిలేని పశువుకు దాణా పెట్టే ఓపిక ఏ రైతుకైనా ఒక తరమే వుంటుంది. కొడుకు లెక్కలు చూస్తాడు; మనవడు అమ్మేస్తాడు. మా ఇంట్లో ఆఖరి జత అట్లాగే పోయింది, ఎవరినీ తప్పుపట్టలేం.

అందుకే నాకు తోచేదొక్కటే. జాతిమీద ప్రేమ వున్నవాళ్ళు దాని పొగడ్తలు రాయడం కాస్త తగ్గించి, దానికి పని వెతకాలి. పాలా, పొలమా, బండా, పోటీయా, ఏదో ఒకటి. ఏ పనీ లేకుండా ఏ జాతీ నాలుగు తరాలు నిలబడలేదు. టెక్సాస్‌లో ఆ ఎర్ర గుర్రం మనవలు ఇవాళ్టికీ తెల్లవారుజామున జీను వేయించుకుంటున్నారు. వాళ్ళకు మంద తెలుసు. మందకు వాళ్ళు తెలుసు.