పాలు విరిగిన వేళ

"ఇదేం పని బిడ్డా... మంచి పాలను చేతులార ఇరగ్గొడ్తవా?"

పొంగి దించిన పాలలో నిమ్మరసం పోయబోతున్న నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే వంటింటి గుమ్మంలో అమ్మ. కళ్లలో నిజంగానే భయం. మన ఇళ్లలో పాలు పొంగితే శుభం, విరిగితే అపశకునం. అలాంటిది కావాలని విరిచే కూతురిని ఆమె చూడటం అదే మొదలు!

దీనంతటికీ కారణం మా తొమ్మిదేళ్లవాడు. ఒక ఆదివారం పిజ్జా మీది చీజ్‌ను తీగలా సాగదీస్తూ అడిగాడు... "అమ్మమ్మ వాళ్లింట్లో బోలెడు పాలుండేవి కదా, మరి చీజ్ ఎందుకు చేయలేదు?" వారం వారం ఏదో ఒక విషయం మీద వ్యాసం రాసే నాకు, ఇంట్లో అడిగిన ప్రశ్నకు జవాబు దొరకలేదు. పోనీ చేసి చూద్దామనుకున్నా. చీజ్‌తోపాటు వాడికిష్టమైన సాసేజ్‌లు కూడా.

అమ్మ గురించి చెప్పాలి. నల్గొండ జిల్లాలోని మా ఊళ్లో నలభై ఏళ్లు బర్రెలను సాకింది. రెండేళ్ల క్రితం నాన్న పోయాక, ఒక్కతే చేసుకోలేదని మేమే బర్రెలను అమ్మించి హైదరాబాద్ తీసుకొచ్చాం. అప్పట్నుంచీ మా ఫ్లాట్ బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చోవడమే ఆమె పని. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వస్తుంది. లేచి చేసేదేమీ లేదు. ఎవరు పలకరించినా ఒకటే మాట... "నాకేం పనుంది బిడ్డా!"

ఆ రోజు పనీర్ చేశాను. అదే అన్నిటికన్నా సులువు. లీటరు గేదె పాలు పొంగించి, దించి, రెండు నిమిషాలు ఆగి, రెండు చెంచాల నిమ్మరసంలో అన్నే నీళ్లు కలిపి కొద్దికొద్దిగా పోస్తూ మెల్లగా తిప్పాలి. పాలు విరిగి, లేత పసుపుపచ్చ తేట పైకి రాగానే ఆపేయాలి. పల్చటి బట్టలో వడకట్టి, పులుపు పోయేలా ఓసారి కడిగి, మూటకట్టి పైన బరువు పెడితే గంటలో ముక్కలు కోసుకోవచ్చు. సుమారు రెండువందల గ్రాములు వచ్చింది. ముక్క నోట్లో వేసుకుని అమ్మ, "జున్ను అనుకున్న... తీపి లేదు, వాసనా లేదు" అని పెదవి విరిచింది. కానీ నేను తేటను సింకులో పారబోయబోతుంటే మాత్రం ఊరుకోలేదు. గిన్నె లాక్కుని, దాన్నే మరగబెట్టి జొన్నపిండిలో పోసి రొట్టెలు చేసింది. ఆమె మా పొయ్యి దగ్గర నిలబడటం చాలా నెలల తర్వాత అదే!

అసలు పరీక్ష మొజరెల్లాతో మొదలైంది. ఇటలీలోని కంపానియా ప్రాంతంలో దీన్ని సంప్రదాయంగా గేదె పాలతోనే చేస్తారని తెలిశాక, ఇది మన చీజే అనిపించింది. దీనికి నిమ్మరసం చాలదు, రెన్నెట్ కావాలి. పాలు తాగే దూడ పొట్టలో ఉండే ఎంజైమ్ అది. ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి తయారుచేసిన శాకాహార రెన్నెట్ బిళ్లలు దొరుకుతున్నాయి. అవే తెప్పించాను.

మొదటిసారి, నెలల తరబడి నిల్వ ఉండే అట్టపెట్టె పాలు వాడాను. గంట గడిచినా గడ్డ కట్టలేదు. పల్చటి గంజిలా తయారైంది. ఆ పాలను నూట ముప్పై డిగ్రీలు దాటించి వేడిచేస్తారు. ఆ వేడికి పాలలోని ప్రొటీన్ల తీరే మారిపోయి, రెన్నెట్ వేసినా గట్టి గడ్డ రాదు. రెండోసారి మామూలు ప్యాకెట్ పాలు. వెన్న తేలకుండా హోమోజినైజ్ చేసినవి కావడంతో గడ్డ కట్టినట్టే కట్టి, కత్తి పెడితే చెదిరిపోయింది. నాలుగేసి లీటర్ల చొప్పున రెండుసార్లు. మావారు ఏమీ అనలేదు కానీ, పాల లెక్క రాసే క్యాలెండర్ వైపు ఓ చూపు చూశారు!

మూడోసారి అమ్మే అడిగింది... "ఆ బిళ్ల ఏం చేస్తదే?" దూడ పొట్ట సంగతి చెప్పాను. పెద్దగా ఆశ్చర్యపోలేదు. "పసిపోరడు పాలు కక్కితే గడ్డలు గడ్డలు పడవా? గంతే గద!" నాలుగు పేజీలు చదివి నేను తెలుసుకున్నదాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఈసారి ఊరి చివరి డెయిరీ నుంచి గేదె పాలు తెచ్చాం. పచ్చి పాలతో ప్రమాదం కాబట్టి, అరవై మూడు డిగ్రీల దగ్గర అరగంట ఉంచి చల్లార్చాం. పులుపు కోసం నీళ్లలో కరిగించిన నిమ్మఉప్పు కలిపాం. రెన్నెట్ వేయడానికి పాలు ముప్పై రెండు డిగ్రీల దగ్గర ఉండాలి. నేను థర్మామీటర్ కోసం వెతుకుతుంటే అమ్మ చిటికెన వేలు ముంచి, "ఇగో, గోరువెచ్చగున్నయి... ఏసెయ్" అంది. థర్మామీటర్ పెట్టి చూస్తే ముప్పై నాలుగు! తోడు పెట్టీ పెట్టీ ఆ వేలికి వచ్చిన లెక్క అది.

కాసేపటికి కత్తి దించితే గడ్డపెరుగులా నున్నగా తెగింది. ముక్కలుగా కోసి, మెల్లగా వేడిచేసి, తేట వార్చి, ఉప్పేసిన వేడినీళ్లలో ముంచాం. నేను చెక్క గరిటెతో తంటాలు పడుతుంటే అమ్మ పక్కకు జరగమంది. మధ్యమధ్య చన్నీళ్లలో చేతులు తడుపుకుంటూ, ముద్దను పైకి తీసి లాగి, మడిచి, మళ్లీ లాగింది. అది మెరుస్తూ తాడులా సాగింది. ఆ బొటనవేళ్లు ఆడుతున్న తీరు ఎక్కడో చూసినట్టుందే అనుకున్నా. తెల్లవారుజామున దొడ్లో, నా చిన్నప్పుడు... పాలు పితికేటప్పుడు. నాలుగు లీటర్లకు అరకిలో పైచిలుకు చీజ్ వచ్చింది. మావాడైతే అమ్మమ్మను ఎత్తుకున్నంత పని చేశాడు.

ఇక సాసేజ్. అందులో నాకు భయపెట్టింది మాంసం కాదు, దాన్ని కూరే తొడుగు. గొర్రె సన్నపేగుతో చేస్తారని చెప్పగానే అమ్మ ఫక్కున నవ్వింది. "బోటి కడుగుడు నాకు నేర్పుతవా?" పేగును సన్న పుల్లతో తిరగేసి, ఉప్పూ పసుపూ రాసి, గోరువెచ్చటి నీళ్లు మార్చి మార్చి కడిగి, లోపలి జిగురంతా పోయేదాకా గీకింది. కిలో కీమాకు పదిహేను గ్రాముల ఉప్పు. పావు వంతు కొవ్వు ఉండాలి, లేకపోతే ముక్క పిప్పిలా ఉంటుంది. వెల్లుల్లి, మిరియాలు, ధనియాలు మన ఇష్టం. కీమాను ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి, చేతికి అంటుకునేదాకా పిసకాలి. అప్పుడే ముద్ద విడిపోదు. గరాటుతో కూరి, జానెడుకొకటి మెలిపెట్టాం. మొదటి వాయి సలసల కాగే నీళ్లలో వేస్తే ఫట్‌ఫట్‌మని పగిలాయి. రెండో వాయికి నీళ్లు కాగకుండా సన్నసెగ మీద ఉంచి, లోపలి వేడి డెబ్బై ఒక్క డిగ్రీలు దాటాక తీసి, పెనం మీద వేయించాం. బ్రహ్మాండం!

అక్కడితో ఆగితే బాగుండేది. గోవా చొరిజోలను తలచుకుని, మిగిలిన పచ్చి సాసేజ్ దండలు రెండింటిని బాల్కనీలో ఆరేశాను. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి అవి లేవు. చెత్తబుట్టలో ఉన్నాయి! నాకు కోపం ముంచుకొచ్చింది. "ఊళ్లో నువ్వు ఒట్టి తునకలు ఎండబెట్టలేదా?" అని గొంతు పెంచాను.

అమ్మ గొంతు పెంచలేదు. "తునక ఎండుతది బిడ్డా, ముద్ద ఎండది. తునకకు అన్ని దిక్కుల గాలి తగుల్తది. ముద్దల నడుమకు గాలెట్ల పోతది? ఆ పొలగాడు తింటే?"

ఆ రాత్రి కూర్చుని చదివాను. మాంసం ముక్క పైన ఉండే క్రిములు కీమా కొట్టినప్పుడు లోపలికంటా కలిసిపోతాయి. తొడుగు మధ్యలో గాలి ఉండదు, తడి ఉంటుంది. బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషానికి కావాల్సింది సరిగ్గా అదే. ఆ జబ్బు పేరే లాటిన్‌లో సాసేజ్ అనే అర్థమున్న 'బొట్యులస్' నుంచి వచ్చింది. జర్మనీలో సాసేజ్‌లు తిని మనుషులు చనిపోతుంటే, 1820ల్లో జస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు ఆ విషం గురించి వివరంగా రాశాడు. దానికి కారణమైన క్రిమిని 1895లో బెల్జియంలో వాన్ ఎర్మెంగెమ్ కనిపెట్టాడు. అందుకే నిల్వ సాసేజ్‌లలో నైట్రైట్ కలిపిన ఉప్పును తూకం వేసి మరీ వాడతారు. గోవావాళ్లది ఉప్పు, వెనిగర్, పొగ కలిసిన తరాల అనుభవం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే... ఏ రోజు చేసిన సాసేజ్ ఆ రోజే వండుకోండి. మిగిలితే వెంటనే డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. ఆరేయడం జోలికి పోకండి.

మావాడి ప్రశ్నకు జవాబు కూడా ఆ రాత్రే దొరికింది. గట్టి చీజ్ నెలల తరబడి పండాలంటే పది, పదిహేను డిగ్రీల చల్లటి గది కావాలి. మన ఎండల్లో అది ఎక్కడ? అందుకే మనవాళ్లు పాలను పెరుగు చేశారు, చిలికి వెన్న తీశారు, కాచి నెయ్యి చేశారు. మాంసాన్ని తునకలు చేసి దండెం మీద ఆరేశారు. రాయలసీమలో అదే ఉప్పుకండ. ఎక్కడివాళ్లైనా చేసింది ఒకటే... ఉన్నదాన్ని పారబోయకుండా రేపటికి దాచుకోవడం.

మర్నాడు అమ్మకు సారీ చెప్పాను. ఇల్లంతా మళ్లీ కళకళలాడుతోంది, ఇక అమ్మ ఇక్కడే కుదురుకున్నట్టేనని లోలోపల సంబరపడ్డాను. పది రోజులు తిరక్కుండానే ఆమె బ్యాగు సర్దుకుంది! "మీ చిన్నాయన బర్రె ఈనిందట. మీ చిన్నమ్మకు ఒక్కదానికి అయితలేదు. నేను పోవాలె" అంది. నాకు నోట మాట రాలేదు. పని లేక కూర్చున్నదనుకున్నాం కానీ, ఆమెకు తెలిసిన పనిని మేమే లాక్కున్నామని అప్పటిదాకా తోచలేదు. బస్సెక్కేముందు అడిగింది... "ఆ బిళ్లలు నాలుగు కట్టియ్యి."

మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్. "చేసిన బిడ్డా. పాలు ఇరగ్గొడ్తుంటే మీ చిన్నమ్మ నన్ను తిట్టుడే తిట్టుడు! మంచిగనే సాగింది. ఉప్పే కొంచెం తక్కువైంది."

వెనక నుంచి బర్రె అరుపు వినిపించింది. "ఉంటనే... పాలు పితకాలె" అని అమ్మ ఫోన్ పెట్టేసింది.