బెలేములో ఏడు దినముల వంట

బ్రెజిలు దేశమున అమెజాను నదీముఖమునకు చేరువనున్న బెలేము పట్టణమున మేమొక గృహిణి యింట బస చేసితిమి. అక్టోబరు రెండవ ఆదివారమున జరుగు నజరే మాత యుత్సవమునకై ఆమె మనిసోబ వండుచుండెను. అది కర్రపెండలపు ఆకుకూర! ఈ దుంపతోడనే మన గోదావరి సీమలో సగ్గుబియ్యము చేయుదురు. పచ్చి ఆకు మాత్రము విషము. కావున దానిని మెత్తగా రుబ్బి, నీరు పోయుచు ఏడు దినములు కాచుదురు. నడుమ పందిమాంసము చేర్తురు. పప్పు గంటసేపు ఉడకకున్న విసుగుకొను మాకిది వింతయే. పచ్చని ముద్ద దినదినమునకు నల్లబడెను. ఆఱవనాడు నోరూరి గరిటె నందుకొనగా, ఆమె చటుక్కున లాగికొని, “రేపు, తల్లీ!” యనెను. మేము చిన్నబోయితిమి. ఆ రాత్రి ఆమె పొయ్యిచెంతనే పండుకొనెను. మఱునాడు మొదటి ముద్ద తాను తిని, పిదప మాకు అన్నముతో వడ్డించెను.