షికారు రొట్టె

మా వాళ్లు సముద్రం దాటడానికి రెండే కారణాలు. ఒకటి హజ్. రెండోది కడుపు. దేవుడు పిలిస్తే పోవాలి, లేదంటే ఆకలి తరిమితే పోవాలి. ఊరికే పోవడం, ఆలుమగలు పక్కపక్కన నిలబడి నీళ్లు చూడడానికి పోవడం మా లెక్కల్లో లేదు. మా గురించి మీరు వేసే లెక్కల్లోనూ లేదు.

నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ చూసినవాళ్లకు తెలుసు. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి హిందువులూ ముస్లిములూ రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరుకునేవాళ్లు పుచ్చుకుంటారు. షికారు రొట్టె మాత్రం మాకెన్నడూ కనపడలేదు.

మేం గూడూరు వాళ్లం. నిమ్మకాయల మార్కెట్టు, అభ్రకం గనులు, రైలు జంక్షను. మా ఊరి గురించి బయటివాళ్లకు తెలిసింది అంతే. 2022 ఏప్రిల్లో మమ్మల్ని నెల్లూరు జిల్లాలోంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. ఆ ఏడు ఆగస్టులో మేమిద్దరం చెన్నై రేవులో ఓడ ఎక్కాం. రెండు రాత్రులు సముద్రం మీద తిరిగి మళ్లీ అదే రేవుకొచ్చే ఓడ. ఏ ఊరికీ పోదు. ఏ పుణ్యమూ రాదు. ఏ జీతమూ రాదు.

ఇంట్లో చెప్పగానే ఖాలా బుగ్గలు నొక్కుకుంది. "హజ్‌కు గయే నై, సైర్‌కు జారైఁ?" అంది. ఆ డబ్బు దాచుకుంటే అల్లా పిలిచిన రోజు పనికొస్తుంది కదా అని ఆమె బాధ.

రేవులో మనుషులనూ సామాన్లనూ తనిఖీ చేసేచోట పెద్ద వరస. మా వెనక నెల్లూరు పెద్దాయన, ఆయన భార్య. మాలో ఒకరి తల మీది దుపట్టా, ఇంకొకరి గడ్డం చూసి ఆప్యాయంగానే అడిగాడు: "ఉమ్రాకు పోతుండారా?" ఈ ఓడ మక్కాకు పోదని ఆయనకూ తెలుసు. "లేదు సార్, మీలాగే ఊరికే" అన్నాం. కాసేపు ఆలోచించాడు. "అట్టయితే కువైట్లో ఉండారా?" అన్నాడు.

చెడ్డవాడు కాదు. మా బరువు సంచీకి ఒక చెయ్యి కూడా వేశాడు. కాకపోతే మా ఖాలా అడిగిందీ ఆయన అడిగిందీ ఒకే ప్రశ్న. మీకు ఊరికే పోయే హక్కు ఎక్కడిది?

ఆయన అడిగిన రెండింటికీ చరిత్ర ఉంది, కాదనం. మా నానా, నానీ 1970లలో ఓడ మీదనే హజ్‌కు పోయారు. గూడూరు నుంచి రేణిగుంట పోయి అక్కడ బొంబాయి రైలెక్కారు. బొంబాయిలో సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో దిగారు. పోయేముందు ఇల్లిల్లూ తిరిగి "కహా సునా మాఫ్" చెప్పుకున్నారు. తిరిగొస్తారన్న నమ్మకం లేదు గనుక కఫన్ గుడ్డ కూడా ట్రంకు పెట్టెలోనే పెట్టుకున్నారు. 1877లో బొంబాయిలో పెట్టిన కంపెనీయే తర్వాత మొఘల్ లైన్ పేరుతో తరతరాల హాజీలను జిద్దాకు చేర్చింది. 1995తో ఆ ఓడల ప్రయాణం ఆగింది. ఆ తర్వాత అంతా విమానాలే. చిన్నప్పుడు మేం నానీని అడిగేవాళ్లం, సముద్రం ఎట్లుంది నానీ అని. "చూసేందుకు పోలేదు బేటా" అనేది. అన్ని రోజులు నీళ్ల మీదుండి కూడా ఆమె సముద్రం చూడలేదు.

రెండోది కువైట్. కడప, రాయచోటి, చిత్తూరు వైపు నుంచి ఇళ్లల్లో పనికి పోయిన ఆడవాళ్లు ఎందరో. వాళ్ల ప్రయాణం సంగతి చెప్పనక్కర్లేదు.

ఇక మేమెక్కిన ఓడ. పేరు ఎంప్రెస్. 1990లో ఫ్రాన్సులో కట్టారు. పొడవు 211 మీటర్లు. అమెరికా నుంచి కరేబియన్ దీవులకూ క్యూబాకూ షికారు జనాన్ని తిప్పిన ఓడ. కరోనా కాలంలో, 2020 చివర అమ్ముడుపోయి మన దేశం చేరింది. 2021లో బొంబాయి నుంచీ, 2022 జూన్లో చెన్నై నుంచీ తిరగడం మొదలైంది.

కరేబియన్ అనగానే మాకు వేరే ఓడలు గుర్తొచ్చాయి. చెరకు తోటల్లో చాకిరీకి మనవాళ్లను 1838 నుంచి 1917 దాకా ఆ దీవులకు ఓడల్లో తరలించారు. కలకత్తా నుంచి ఎక్కువ. మద్రాసు రేవు నుంచి తమిళులూ తెలుగువాళ్లూ. 1845లో ట్రినిడాడ్ చేరిన మొదటి కూలీ ఓడ పేరు ఫతేల్ రజాక్. మన పేరే. అక్కడికి పోయినవాళ్లు మొహర్రంను వదల్లేదు. హుస్సేన్ పేరు అక్కడ "హోసే" అయింది. హిందువులూ ముస్లిములూ కలిసి తాజియాలు ఎత్తారు, మన పీర్ల పండుగలాగే. 1884లో ఆ ఊరేగింపు మీద బ్రిటిష్ పోలీసులు తుపాకులు పేల్చారు. జనం చచ్చారు. అయినా ఆ పండుగ ఇప్పటికీ బతికే ఉంది. అట్లాంటి నీళ్లలో తిరిగొచ్చిన ఓడలో, ఆ కూలీలు ఎక్కిన రేవులోనే, మేం టికెట్టు కొనుక్కుని ఎక్కాం.

మధ్యాహ్నం మాకు గది చూపించారు. కిటికీ లేని చిన్న గది. తలుపుకూ ఖర్చుకూ ఒకటే కార్డు. భోజనాల దగ్గర మాంసం జోలికి పోకుండా చేపా పప్పూ తిన్నాం. అంతలో గంట మోగింది. ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత. ప్రమాదం వస్తే ఎక్కడ గుమిగూడాలో, లైఫ్ జాకెట్ ఎట్లా తొడుక్కోవాలో అందరినీ నిలబెట్టి చూపించారు. రేవు వదిలే ముందో, వదిలిన వెంటనేనో ఇది చెయ్యాలని అంతర్జాతీయ నియమం.

దుపట్టా మీద జాకెట్ ఎట్లా కట్టుకోవాలో చూస్తూ ఉంటే 1880 గుర్తొచ్చింది. సింగపూరు, పెనాంగ్‌ల నుంచి తొమ్మిది వందలకు పైగా హజ్ యాత్రికులతో పోతున్న "జెద్దా" అనే ఓడలోకి నీళ్లొచ్చాయి. కెప్టెనూ అధికార్లూ పడవ దించుకుని పారిపోయారు. ఓడ మునిగిపోయిందని ఏడెన్‌లో చెప్పారు. మునగలేదు. ఇంకో ఓడ దాన్ని లాక్కొచ్చి ఏడెన్‌లోనే చేర్చింది. కాన్రాడ్ "లార్డ్ జిమ్" నవలకు ఈ సంగతే మూలం. ఆ నవలలో పారిపోయిన తెల్లవాడి అంతరాత్మ వందల పేజీలు మాట్లాడుతుంది. ఓడలో మిగిలినవాళ్ల అంతరాత్మ ఎవరడిగారు? ఇప్పుడు అదే గంట మాకూ, నెల్లూరు పెద్దాయనకూ, పై అంతస్తు డబ్బున్నవాళ్లకూ ఒకేసారి మోగింది. ఆ పూటకు అది చాలనిపించింది.

సాయంత్రం ఓడ కదిలింది. మగ్రిబ్ వేళకు ఫోనులో ఖిబ్లా చూసుకున్నాం. ఓడ తూర్పుకు పోతోంది. కాబా మా వెనక వైపుంది. మా నానా ఓడ ముక్కు జిద్దా వైపుండేది. మాది తోక ఆ వైపుంది. నమాజుకు ఓడ ముక్కుతో పని లేదు. గదిలో అటు తిరిగి చదువుకున్నాం.

తర్వాత పైకి పోయి కమ్మీ దగ్గర నిలబడ్డాం. చెన్నై దీపాలు చిన్నవైపోతున్నాయి. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. గూడూరు బజార్లో ఈ పని మేం ఇరవై ఏళ్ల కాపురంలో చెయ్యలేదు. చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. సముద్రం చూశాం. మా నానీ చూడకుండా వచ్చేసిన సముద్రం కూడా చూశాం.

హజ్‌కు పోతాం, అల్లా పిలిస్తే. పని కోసం పోవాల్సివస్తే అదీ పోతాం. ఈ రెండింటి నడుమ మాకూ కొన్ని సాయంత్రాలుంటాయి. మా వాళ్లు వాటికి గునాహ్ అని పేరు పెట్టొద్దు. మీరు వాటికి కారణం వెతకొద్దు. వచ్చే మొహర్రంలో స్వర్ణాల చెరువులో మా చేతిలో ఒక రొట్టె ఉంటుంది. ఏం రొట్టె అని అడిగితే షికారు రొట్టె అని చెప్తాం. కావాల్సినవాళ్లు ఏ మతం వాళ్లయినా వచ్చి పుచ్చుకోవచ్చు.