ఉలి దెబ్బ

మందు ప్రాణం నిలుపుతుంది. కాని ఆ మందును మోసే పెట్టె తన పేరు తాను చెప్పుకోలేకపోతే, ఆ మందే ముప్పుగా మారుతుంది. ఆళ్ళగడ్డ దగ్గరి పల్లె నుండి నంద్యాల ఆసుపత్రికి వచ్చి, చీటీలోని మందులు సంచిలో వేసుకొని ఇల్లు చేరిన ఒక అవ్వను ఊహించండి. ఆమెకు రక్తపోటు, తాతకు మధుమేహం. రెండు బిళ్ళలూ తెల్లనివే, రెండు అట్టలూ వెండిరంగువే. పేర్లు ఆంగ్లంలో, చీమ తలకాయలంత అక్షరాలలో ఉంటాయి. చదివి చెప్పే మనుమడు కళాశాలకు వెళ్ళాడు. మధుమేహం లేనివారు ఆ మందు మింగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇక్కడ లోపం అవ్వ చూపులో ఉన్నదా, అట్ట మీది అక్షరంలో ఉన్నదా?

ఇటువంటి ప్రశ్నే అమెరికాలో ఒక విద్యార్థినిని కదిలించింది. ఆమె పేరు డెబొరా ఆడ్లర్. న్యూయార్క్‌లోని స్కూల్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్‌లో చదువుకొంటున్న రోజులలో ఆమె నాయనమ్మ పొరపాటున తాతగారి మందు మింగింది. ఆ సీసాలను పరిశీలించిన ఆడ్లర్‌కు లోపాలు తెలిసివచ్చాయి. దుకాణం గుర్తు పెద్దది, మందు పేరు చిన్నది. గుండ్రని సీసాను తిప్పుతూ పోతేగాని వాక్యం పూర్తి కాదు. 2002లో ఆమె తన పట్టా ప్రాజెక్టుగా కొత్త సీసాను రూపొందించింది. టార్గెట్ అనే విక్రయ సంస్థ 2005లో దానిని తన మందుల విభాగాలలో ప్రవేశపెట్టింది.

అయితే విద్యార్థిని గీసిన బొమ్మ ఉన్నదున్నట్లు దుకాణానికి చేరలేదు. ఆమె తొలి నమూనా అర్ధచంద్రాకారంలో ఉండేది. క్లాస్ రోస్‌బర్గ్ అనే రూపకర్త చేతిలో అది మూత మీద తలక్రిందులుగా నిలిచే చదునైన సీసా అయింది. ఇంటిలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క రంగు ఉంగరం సీసా మెడకు చేరింది. తన ఆకారం పోయినందుకు ఆమె అలిగి ఉంటే పని అక్కడే ఆగేది. ఆకారం మారినా ఆశయం మారలేదు: అవ్వ తన మందును తానే గుర్తించాలి. 2015లో ఆ మందుల విభాగాలు మరొక సంస్థ చేతికి వెళ్ళిన తరువాత ఆ సీసా వాడుకలో లేకుండా పోయింది. అయినా ఒక తరగతిగది ప్రాజెక్టు ఎంత దూరం ప్రయాణించగలదో అది చూపింది.

మన విద్యార్థి ఒకడు అందరికీ అనువైన మందుపెట్టెను తయారు చేశాడనుకొందాం. బ్రెయిలీ చుక్కలు అచ్చొత్తాడు, రంగులు వేశాడు, సులభంగా తెరుచుకొనే మూత పెట్టాడు. పరీక్షకులు అడుగుతారు: “ముసలితనంలో చూపు మందగించిన వారందరికీ బ్రెయిలీ వచ్చునా? ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివారి మాటేమిటి? అవ్వకు తేలికగా తెరుచుకొనే మూత పసివాడికీ తెరుచుకోదా?” ఈ ప్రశ్నలు వినగానే ముఖం చిన్నబోవడం సహజం. ఆ తరువాత ఏమి చేస్తాడన్నదే ముఖ్యం. కొందరు ప్రతి మాటకూ అడ్డుమాట చెబుతారు. మరికొందరు అన్ని మాటలకూ తల ఊపి, చివరకు తమ ఆలోచననే పోగొట్టుకొంటారు. రెండూ వినడం కావు.

జపాన్‌లోని కావో సంస్థ వినడమంటే ఏమిటో చూపింది. తలస్నానం చేసేటప్పుడు షాంపూ సీసా ఏదో, దాని తరువాత వాడే రిన్స్ సీసా ఏదో తెలియడం లేదని చూపులేనివారు చెప్పారు. సంస్థవారు అంధుల పాఠశాలకు వెళ్ళి, సీసాలను వారి చేతులలో పెట్టి పరీక్షించారు. 1991లో షాంపూ సీసా ప్రక్కన వరుస గాట్లు వెలిశాయి. ఆ గాట్లపై హక్కును తమకే ఉంచుకోక ఇతర సంస్థలకూ వదిలారు. నురుగు కళ్ళలో పడకుండా కళ్ళు మూసుకొనే చూపున్నవారికీ అది మేలు చేసింది. ఒకరి ఫిర్యాదు అందరి సౌకర్యమైంది.

ఆళ్ళగడ్డ శిల్పులకు పేరుపొందిన ఊరు. అక్కడ నల్లరాయి దేవతామూర్తిగా మారుతుంది. రాతిపై వెంట్రుకవాసి ఎక్కువ లేచిపోతే తిరిగి అతికించే ఉపాయం లేదు. కనుక ఉలి దెబ్బకు ముందే కొలత సరిచూసుకోవాలి. అట్టపెట్టెకు ఆ భయం లేదు. పదిసార్లు చించి పదకొండవసారి మడవవచ్చు. అంతటి వెసులుబాటు ఉన్న విద్యార్థి ఒక్క మాటకు వెనుదీయడం తగదు.

మన ప్రబంధకవులు అవతారికలలో కుకవినింద చేశారు. అయినా కావ్యాన్ని సభలో వినిపించడం మానలేదు. కావ్యానికి సభ ఎటువంటిదో, వస్తువుకు వాడుకరి అటువంటివాడు. విమర్శలన్నీ సరైనవి కాకపోవచ్చు. “బాగులేదు” అన్నవారిని “ఎవరికి, ఎక్కడ, ఎందుకు?” అని మర్యాదగా అడగాలి. జవాబు దొరికితే దానిని వ్రాసుకోవాలి. దొరకకపోతే పెట్టెను తీసుకొని అవ్వ దగ్గరకే వెళ్ళాలి. ఆమె వేళ్ళు ఎక్కడ తడబడితే అక్కడ దిద్దాలి.

అందరూ వాడుకోగల వస్తువుల తయారీని ప్రభుత్వాలు ప్రోత్సహించాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతున్నది. చట్టం దారి చూపుతుంది. ఆ దారిలో నడవవలసినవారు యువతీయువకులు. ప్రాజెక్టుకు వచ్చే మార్కులు ఒక ఏటివి. అవ్వ సరైన మందును తన చేతితో తాను అందుకొన్న నాడు కలిగే ధైర్యం ఆమెకు ప్రతిదినం అవసరమైనది. ఆ ధైర్యం కోసం నాలుగు కఠినమైన మాటలు వినడం పెద్ద కష్టమేమీ కాదు.