జురాంగ్ చెరువు ఊపిరి

బూన్ లే నుంచి రైలెక్కి, పక్క స్టేషను లేక్‌సైడ్‌లో దిగితే జురాంగ్ చెరువు. సింగపూర్ పడమటి వైపు ఉండే మా తెలుగు కుటుంబాలకు సాయంత్రపు నడక అక్కడే. అది ఎప్పటి నుంచో ఉన్న చెరువే అనుకునేదాన్ని. నిజానికి అది జురాంగ్ నది. పోటుకి ఉప్పునీరు ఎగదన్ని, పాటుకి దిగిపోయేది. ఒడ్డున మడ చెట్లు ఉండేవి. కాకినాడ దగ్గర కోరంగి చూసినవారికి ఆ దృశ్యం ఊహకందుతుంది. 1971లో అడ్డంగా కట్ట వేశాక మంచినీటి చెరువైంది.

కట్టతో పోయింది ఆటుపోట్ల కదలిక. కదిలే నీటిలో గాలి బాగా కలుస్తుంది. చేపలు పీల్చేది ఆ కరిగిన ఆక్సిజనునే. 30 డిగ్రీల వేడిలో లీటరు మంచినీరు గాలి నుంచి తీసుకోగలిగేది సుమారు 7.5 మిల్లీగ్రాములే. అది 2కి పడిపోతే చాలా చేపలు బతకవు.

భీమవరం వైపు ఆడపడుచులకి నేను చెప్పాలా? తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే ఏరియేటర్లు తిప్పాల్సిందే. పగలు ఆక్సిజను ఇచ్చే నాచు రాత్రంతా తానే పీలుస్తుంది. అందుకే వేకువనే కొరత. నీటిలో ఎరువూ కుళ్లూ చేరేకొద్దీ నాచు పెరుగుతుంది. అది చచ్చి కుళ్లేటప్పుడు మిగిలిన ఆక్సిజనూ అయిపోతుంది. 2014లో, 2015లో జోహార్ జలసంధిలో ప్లాంక్టన్ విపరీతంగా పెరిగి, అక్కడి పెంపకందార్లు టన్నుల కొద్దీ చేపలు పోగొట్టుకున్నారు.

సింగపూర్‌లో మురుగు కాలువ వేరు, వాన కాలువ వేరు. మూడింట రెండు వంతుల నేల మీద పడే వాన కాలువల గుండా జలాశయాలకే చేరుతుంది. జురాంగ్ చెరువూ వాటిలో ఒకటి. అంటే మన బ్లాకు కింది కాలువలో పడిందేదైనా చివరికి తాగే నీటి దారే పడుతుంది.

2019లో తెరిచిన లేక్‌సైడ్ గార్డెన్‌లో 'నేరం స్ట్రీమ్స్' అన్న బోర్డు చూస్తే మనకి నవ్వొస్తుంది. మలయ్ భాషలో నేరం అంటే ఏటి ఒడ్డున పెరిగే ఒక చెట్టు. ఒకప్పటి కాంక్రీటు కాలువను అక్కడ మొక్కలతో, రాళ్లతో వాగులా మార్చారు. రాళ్ల మీదుగా దూకే నీటిలో గాలి కలుస్తుంది. మొక్కల వేళ్లు ఎరువుల్ని పీల్చుకుంటాయి.

చేపలకి మెతుకులు వేస్తే పుణ్యమని మన పెద్దలు నేర్పారు. ఆ మాట పారే గోదావరికి సరిపోయింది. కట్ట వేసిన చెరువులో తినగా మిగిలిన అన్నం అడుగున కుళ్లి, ఆ చేపల ఊపిరినే తింటుంది. ఊరి నుంచి అత్తయ్యగారు వచ్చి పొట్లం విప్పితే, ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి.