మాటల పుట్టినూళ్ళు

అమెరికాలో నా మొదటి ఉద్యోగం, మొదటి డెమో. మూడు వారాలు రాత్రింబవళ్ళు కూర్చుని తయారుచేసిన స్క్రీన్లన్నీ చూపించాను. రంగులు బాగున్నాయి, బటన్లు బాగున్నాయి. అంతా అయ్యాక, యాభై ఏళ్ళు దాటిన మా క్లయింటు మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, నవ్వుతూ "వేర్ ఈజ్ ద బీఫ్?" అన్నాడు.

బీఫ్ ఎక్కడా అని! నేనా, కోడిగుడ్డు కూడా గుమ్మం దాటి లోపలికి రాని ఇంట్లో పుట్టినవాణ్ణి. ఈయనకి ఆకలేస్తోంది కాబోలనుకుని, లంచ్ పన్నెండింటికి వస్తుందని ఎంతో వినయంగా చెప్పాను. గదంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో తెలియకుండా నవ్వడం మనలాంటివాళ్ళకి ఇక్కడ మొదటి ఆరునెలల్లోనే అబ్బే విద్య.

ఆ రాత్రి కూర్చుని వెతికితే తేలిందేమంటే, అది 1984లో వెండీస్ హాంబర్గర్ల వాళ్ళ టీవీ ప్రకటనలో మాట. క్లారా పెల్లర్ అనే ఎనభై దాటిన ముసలావిడ, పోటీ దుకాణం వాళ్ళ పెద్ద బన్ను మధ్యలో నలిగిపోయిన చిన్న మాంసం ముక్కని చూసి కేకేసి అడిగే ప్రశ్న. అదే ఏడాది అధ్యక్ష పదవికి డెమోక్రాటిక్ పార్టీ అభ్యర్థిత్వం కోసం జరిగిన చర్చలో వాల్టర్ మాండేల్ తన పోటీదారు గ్యారీ హార్ట్ మీదకి ఇదే మాట విసిరాడు. నీ కొత్త ఆలోచనల్లో సరుకేదీ అని. మా మేనేజరు నన్నడిగిందీ అదే. స్క్రీన్లు బాగున్నాయి, సరుకేదీ?

ఎం.ఎస్. పట్టా చేతిలో ఉంది. జీఆర్ఈ కోసం బట్టీపట్టిన మూడువేల ఇంగ్లీషు మాటలు బుర్రలో ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఆ పూట అక్కరకి రాలేదు.

బహుశా ఆ అవమానమే నన్ను ఇప్పుడు శనివారాలు న్యూజెర్సీలో మా ఊరి లైబ్రరీకి తీసుకెళ్తోంది. అక్కడ కొత్తగా వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు మాట్లాడ్డం నేర్పే ఉచిత క్లాసుంది. నాతోపాటు నేర్పే ఇంకొకావిడ స్కూల్లో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యారు. పుట్టింది గయానాలో. పూర్వీకులు ఎప్పుడో మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటల్లోకి వెళ్ళినవాళ్ళు. ఇంటిపేరు చివర 'సామి' అని ఉంటుంది. అక్కడా పెద్దవాళ్ళని ఆంటీ అనే పిలుస్తారట, కాబట్టి నాకు పని సులువైపోయింది.

క్లాసులో పదిమందిదాకా ఉంటారు. హోటల్లో వంటచేసే గ్వాటెమాలా ఆయన, మనవల్ని చూసుకోడానికొచ్చిన వియత్నాం పెద్దాయన, భర్త హెచ్1 మీద వస్తే కూడా వచ్చిన కరీంనగర్ అమ్మాయి. ఈ అమ్మాయే ఒకరోజు క్లాసయ్యాక నన్ను పట్టుకుంది.

"అన్నా, గ్రామరంటే పుస్తకంల ఉన్నది, నేర్సుకుంటున్న. గీ మనుషులు మధ్యమధ్యల అనే మాటలు ఏ పుస్తకంల ఉంటయి? ఒక్కొక్క మాట తెలుస్తది, మొత్తం కలిపితే తెల్వదు."

నిజమే కదా. మన తెలుగే తీసుకోండి. ఏ నిఘంటువులో వెతికితే దొరుకుతుంది 'తుత్తి'? 1993లో వచ్చిన మిస్టర్ పెళ్ళాంలో ఏవీయస్ గారు అన్నారు కాబట్టి మనకి తెలుసు. ఎవరైనా తెలివైన మాటంటే వీరతాడు వెయ్యమంటాం. మాయాబజార్ (1957) చూడనివాడికి ఆ వీరతాడేమిటో, ఎందుకెయ్యాలో ఎలా తెలుస్తుంది? ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలెలా పుడతాయన్న ఘటోత్కచుడి వాదన తెలుగువాళ్ళందరికీ భాషాశాస్త్రంలో మొదటి పాఠం. పుట్టించినవాళ్ళెవరో, ఎక్కడ పుట్టించారో తెలిస్తే మాట అర్థం దానంతటదే వచ్చేస్తుంది. అందుకని మర్నాటి వారం నుంచి క్లాసులో చివరి పావుగంట 'మాటల పుట్టినూళ్ళు' అని ఒకటి మొదలెట్టాను.

మొదటి పాఠం నాకు బాగా తెలిసినదే. ప్రొడక్షన్‌లో ఏది పడిపోయినా ఎవడో ఒకడు "హ్యూస్టన్, వి హావ్ ఎ ప్రాబ్లం" అంటాడు. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 చంద్రుడి దారిలో ఉండగా ఆక్సిజన్ ట్యాంకు పేలింది. స్విగర్ట్, ఆ వెంటనే లోవెల్, కిందనున్న హ్యూస్టన్ కేంద్రానికి చెప్పింది "మాకో సమస్య వచ్చింది" అని. 1995లో సినిమా తీసినప్పుడు దాన్ని "మాకో సమస్య ఉంది"గా మార్చారు. లోకం సినిమా మాటనే పట్టుకుంది. 'వచ్చింది'కీ 'ఉంది'కీ తేడా చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ వ్యాకరణ పుస్తకంలో దొరుకుతుంది చెప్పండి? ముగ్గురూ క్షేమంగా తిరిగొచ్చారనగానే వియత్నాం పెద్దాయన చప్పట్లు కొట్టారు.

రెండో పాఠంతో బోర్లాపడ్డాను. 'రూల్ ఆఫ్ థంబ్' అంటే ఉజ్జాయింపు లెక్క. భర్త తన బొటనవేలికన్నా సన్నటి కర్రతో భార్యని కొట్టొచ్చని పాతకాలం ఇంగ్లండులో చట్టం ఉండేదనీ, ఆ మాట దాంట్లోంచి పుట్టిందనీ ఎక్కడో చదివింది గడగడా చెప్పేశాను. ఆడవాళ్ళందరూ అయ్యో అన్నారు. క్లాసయ్యాక ఆంటీ నెమ్మదిగా, "అలాంటి చట్టం ఎవరికీ దొరకలేదు. ఆ మాట పదిహేడో శతాబ్దం నుంచీ ఉంది, ఉజ్జాయింపు అన్న అర్థంతోనే. కథ బావుందని నిజమైపోదు. వీళ్ళు నువ్వేం చెప్తే అది నమ్ముతారు, గుర్తుంచుకో" అన్నారు.

మర్నాటి వారం క్లాసులో తప్పు ఒప్పుకున్నాను. షెర్లాక్ హోమ్స్ నోట అందరూ పెట్టే "ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్" అన్న వాక్యం కానన్ డాయిల్ రాసిన కథల్లో అచ్చంగా అలా ఎక్కడా లేదని కూడా ఆరోజే చెప్పి, కాస్త పరువు దక్కించుకున్నాను.

ఆపైన 'గ్రాండ్‌ఫాదర్డ్' వచ్చింది. మన వృత్తిలో రోజూ వాడే మాట. కొత్త రేట్లు పెట్టినా పాత కస్టమర్లకి పాత రేటే ఉంచితే, వాళ్ళు 'గ్రాండ్‌ఫాదర్డ్' అంటాం. మా కోడులో ఆ పేరుతో ఒక వేరియబుల్ కూడా ఉంది, పెట్టినవాణ్ణి నేనే. ముద్దుగా తాతగారి మాటలా ఉంటుంది. అసలు తాతగారి కథ చదివాక ముద్దు పోయింది. 1898లో లూసియానా రాష్ట్రం ఓటు హక్కుకి చదువు పరీక్షో, ఆస్తో ఉండాలంది. అయితే 1867 జనవరి 1 నాటికి తండ్రికో తాతకో ఓటున్నవాళ్ళకి అవేమీ అక్కర్లేదు. తెల్లవాళ్ళకి అలాంటి తాతలుంటారు. నిన్నమొన్నటిదాకా బానిసలైన నల్లవాళ్ళకి ఎక్కణ్ణుంచి వస్తారు? ఇంకొన్ని రాష్ట్రాలూ ఇలాంటి షరతులే పెట్టాయి. 1915లో సుప్రీం కోర్టు కొట్టేసేదాకా సాగింది.

మా క్లాసులో ఇద్దరు పౌరసత్వం పరీక్షకి చదువుతున్నారు. దాంట్లో ఇంగ్లీషు వాక్యం ఒకటి చదివి వినిపించాలి. వాళ్ళకి ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

ఇహ అసలు సంగతికొస్తాను. ఇదంతా రాయడానికి కారణం అదే.

'డ్రింక్ ద కూల్‌ఎయిడ్' అనే మాట మీలో ఐటీవాళ్ళందరూ వినే ఉంటారు. కంపెనీ చెప్పిందల్లా గుడ్డిగా నమ్మేవాణ్ణి "కూల్‌ఎయిడ్ తాగేశాడు" అంటారు. నేను వారానికి నాలుగుసార్లు అనేవాణ్ణి. కథ కూడా పైపైన తెలుసు, ఎవరో మతపిచ్చి నాయకుడు, అనుచరులు విషం తాగడం. క్లాసుకి సరదాగా ఉంటుందని ఆ శనివారం దారిలో దుకాణంలో ఆగి ద్రాక్షరుచి కూల్‌ఎయిడ్ పాకెట్ ఒకటి కొనుక్కెళ్ళాను. బల్లమీద పెట్టి, "ఎవరు తాగుతారు?" అని నవ్వుతూ అడిగాను. అందరూ నవ్వారు. ఆంటీ నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, నీళ్ళు తెచ్చుకుంటానని లేచి వెళ్ళి, క్లాసు అయ్యేదాకా రాలేదు.

బయట పార్కింగు దగ్గర కనిపించారు. ఏమైందాంటీ అన్నాను.

"జార్జిటౌన్‌లో పెరిగాను. అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. రేడియోలో చెప్పిన లెక్క రోజురోజుకీ పెరుగుతూ పోయింది. మా అమ్మ రేడియో కట్టేసింది. ఈ దేశం వచ్చి ఇన్నేళ్ళయింది. గయానా అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఆ ఒక్కటే. మా ఊళ్ళు గుర్తురావు, నదులు గుర్తురావు. మీవాళ్ళో మావాళ్ళో చేసిందీ కాదు."

కొంచెం ఆగి అన్నారు. "పిల్లలు తాగలేదు, బాబూ. తాగించారు."

ఇంటికెళ్ళి ఈసారి సరిగ్గా చదివాను. 1978 నవంబరు 18. కాలిఫోర్నియా నుంచి జిమ్ జోన్స్ తన పీపుల్స్ టెంపుల్ జనాన్ని తీసుకెళ్ళి గయానా అడవిలో కట్టిన ఊరు, జోన్స్‌టౌన్. వాళ్ళ సంగతి చూడ్డానికి వెళ్ళిన కాంగ్రెస్ సభ్యుడు లియో రయాన్‌ని దగ్గర్లోని విమానాల రన్‌వే మీద కాల్చేశారు. ఆ సాయంత్రం ఊళ్ళో 909 మంది చనిపోయారు. అందులో మూడువందలమందికి పైగా పిల్లలు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు, మంచి రోజులొస్తాయని నమ్మి వెళ్ళినవాళ్ళు. చుట్టూ తుపాకులతో కాపలా. ముందు పిల్లలకి పోశారు. కొంతమందికి సూదులు పొడిచారు. సయనైడ్ కలిపిన ఆ పానీయం చాలావరకు ఫ్లేవర్‌ఎయిడ్ అనే వేరే బ్రాండుది. అంటే ఆ మాటలో పేరూ తప్పే, 'తాగారు' అనడమూ తప్పే.

నాకు ఆ రాత్రి ఇంకొకటి గుర్తొచ్చింది. ఇంజనీరింగ్ హాస్టల్లో ఒకసారి ఎవడో పని చెడగొడితే, మా ఊళ్ళో అందరూ అనే సామెత ఒకటి అలవాటుగా అనేశాను. అందులో ఒక కులం పేరుంది. నా గదిలోనే ఉండే మిత్రుడు ఏమీ అనలేదు. పుస్తకం మూసి బయటికెళ్ళాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "సామెతే కదరా, నిన్నేమన్నాను?" అని నేనే పైగా కోప్పడ్డాను. ఆ మాట పుట్టినూరు వాడికి తెలుసు. వాడి తాత బతికిన ఊరే అది. నాకు తెలియకపోవడం నా అదృష్టం, అంతే. అందులో నా గొప్పేం లేదు.

మర్నాటి శనివారం ఆంటీని అడిగాను, మీరే చెప్తారా అని. కాసేపు ఆలోచించి సరేనన్నారు. అయిదు నిమిషాలు చెప్పారు. జోన్స్‌టౌన్ గురించి రెండు నిమిషాలు, మిగతా మూడూ గయానా గురించి. కైటూర్ జలపాతం గురించి, జార్జిటౌన్‌లోని ఎత్తయిన చెక్క చర్చి గురించి, వాళ్ళమ్మ చేసే మద్రాసు కూర గురించి. నేను ఒక మూల కూర్చుని విన్నాను.

అంతా అయ్యాక కరీంనగర్ అమ్మాయి అంది, "అన్నా, నేనైతే గీ మాట అనను."

గ్వాటెమాలా ఆయన ఒప్పుకోలేదు. "అనకపోతే అనకు. మా బాసు అంటాడు. అప్పుడు నాకు అర్థం కావాలి కదా" అన్నాడు.

ఇద్దరి మాటా సబబే. అందుకని బోర్డు మీద నిలువుగా ఒక గీత గీశాను. ఎడమవైపు 'వింటే తెలియాల్సినవి', కుడివైపు 'మనం అనదగ్గవి'. హ్యూస్టన్ రెండువైపులా వెళ్ళింది. బీఫూ రెండువైపులా వెళ్ళింది, కరీంనగర్ అమ్మాయి తను మాత్రం చికెన్ ఎక్కడని అడుగుతానంది. తాతగారి దగ్గర పెద్ద చర్చయింది, ఇంకా తేలలేదు. కూల్‌ఎయిడ్ ఎడమవైపే ఆగిపోయింది. అప్పట్నుంచీ ప్రతి కొత్త మాటకీ ఎటువైపో వాళ్ళే తేలుస్తున్నారు. నాపని పుట్టినూరు చెప్పడం వరకే, అదీ ఆంటీ సరిచూశాక.

మొన్న ఆఫీసు మీటింగులో మా ఆర్కిటెక్టు కొత్త క్లౌడ్ ప్లాను గురించి, అందరం కూల్‌ఎయిడ్ తాగేశామా అని అడిగాడు. అలవాటుగా నా పెదాలు నవ్వబోయాయి. "అందరం ఒప్పుకున్నాం" అన్నాను. మీటింగు నోట్సు రాసేది నేనే కాబట్టి అలాగే రాశాను. ఎవరూ గమనించలేదు, గమనించాలని కాదు లెండి.

ఆ పాకెట్ మాత్రం ఇంకా మా వంటింటి అలమరలోనే ఉంది. మావిడ నిన్న, "ఇది కలపనా, పారెయ్యనా?" అనడిగింది. పాపం, అది ఒట్టి ద్రాక్ష షర్బతే, దాని తప్పేముంది? కలపమన్నాను. మా అమ్మాయి రెండు గ్లాసులు తాగి, నాలుక ఊదారంగు చేసుకుని, అద్దంలో చూసుకుని తెగ మురిసిపోయింది.