మార్కుల కాగితం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016లో వేరు జిల్లాలైనా, మూడుచోట్లా పాఠాలు చెప్పిన నాకవి పాత వరంగల్లే. మొన్న భూపాలపల్లి నుండి వచ్చిన ఒక ఛాత్రోపాధ్యాయిని తన బోధనాభ్యాసపు ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో చూపింది. ఒకదానిలో మార్కుల కాగితం: పిల్లల పేర్లు, తండ్రుల ఫోన్ నంబర్లు స్పష్టంగా!

“ఎవరి అనుమతితో పెట్టావమ్మా?”

“పిల్లలు సంతోషపడ్డారు సార్.”

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కోరుతుందని చెప్పాను. వెంటనే తీసివేసింది. అప్పటికే 42 మంది చూచారు; ఎవరు దాచుకున్నారో!

మందలించే అర్హత నాకున్నదా? మహబూబాబాద్‌లో సున్నా వచ్చిన పిల్లవాని పేరు తరగతికంతా వినబడేటట్లు చదివినవాణ్ణి. వాడు తలవంచుకొని కూర్చున్న తీరు నేటికీ మరువలేదు.

“ఆ ఇళ్ళవాళ్ళకు చెప్పాలా, సార్?” అని గుమ్మం దగ్గర ఆగి అడిగింది. చెప్పమన్నాను.